మూడో సిలిండరు జోలపాట

శనివారం ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి కారును షెడ్డుకు తీసుకెళ్లి ఇంజన్‌లో వస్తున్న మిస్సింగ్ చూపించడం, పదకొండున్నరకల్లా ఇంటికొచ్చి సోమవారానికి బట్టలు ఇస్త్రీ చేసుకోవడం. సోమవారం కూతురు మళ్లీ ఉద్యోగంలో చేరాలి. పురిటి సెలవును ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి అడిగితే, "రండి, లేదంటే రాజీనామా పంపండి" అని పై అధికారి మర్యాదగానే చెప్పాడు.

అడ్డమల్లా ఒక్కటే. ఏడు నెలల పిల్లవాడు ఉయ్యాలలో నిద్రపోడు. ఒళ్లోనూ పోడు, మంచం మీదా పోడు. వాడితోపాటు ఇంటిల్లిపాదికీ నిద్ర కరువై, ఆ ఇంట్లో పగలు కూడా పలచటి కలలాగే గడుస్తోంది. కూతురు పాలగిన్నెను బట్టల బీరువాలో పెట్టి, అది ఎక్కడుందా అని వెతుకుతూ నిలబడే కునుకు తీసింది. అల్లుడు అద్దంలో కనిపించిన మనిషికి నమస్కారం పెట్టి, పక్కకు తప్పుకొని దారి ఇచ్చాడు.

పిల్లవాణ్ని చూసుకోవడానికి కూతురింటికి వచ్చిన అమ్మమ్మకు మాత్రం నిద్రతో పని లేదు. భయం ఆమెను మెలకువగా ఉంచేది. ఫ్యాను ఊడి పడుతుందని ఉయ్యాలను గోడ పక్కకు జరిపింది. గోడ మీంచి బల్లి పడుతుందని మళ్లీ ఫ్యాను కిందికే జరిపింది. పిల్లవాడు కాసేపు కదలకపోతే ఆమె గుండె ఆగిపోయేది.

ఇంత కరువులోనూ ఒక్క అదృష్టం ఉంది. రెండింటికి డ్యూటీకి వెళ్లే అల్లుడు పది రోజులుగా పదకొండింటికి అందరినీ కారులో నాలుగు వీధులు తిప్పుతున్నాడు. కారులో మాత్రం పిల్లవాడు గంటన్నర నిద్రపోతున్నాడు. ఆ గంటన్నర పడుకుంటే సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంటున్నాడు. కూతురి ఉద్యోగమంతా ఆ గంటన్నర మీదే ఆధారపడి ఉంది. ఆ పది రోజులుగానే ఇంజన్ కూడా, మూడు మెట్లు దిగి నాలుగోది మరిచిపోయిన మనిషిలా, ఆగినచోటల్లా తూలుతోంది. ఈ రెండు సంగతులనూ ఎవరూ కలిపి చూడలేదు.

"ఇంకా నాన్చకు బాబూ. ఏ నడిరోడ్డు మీదో పేలిపోతుంది" అంది అమ్మమ్మ.

"కార్లు పేలవత్తయ్యా. మిస్సింగ్ కొడుతోంది, అంతే."

"పేలేదాకా ఏదీ పేలదు బాబూ."

దారి పొడుగునా ఆమె ఒక చేత్తో తలుపు పిడి, రెండో చేత్తో ముందు సీటు పట్టుకొని, పెదవులు బిగించి ఇంజన్ వంకే చెవులు రిక్కించి కూర్చుంది. పక్కన బుట్టసీటులో పిల్లవాడు వీధి మలుపు తిరిగేలోపే నిద్రపోయాడు.

షెడ్డు మెకానిక్‌ను అందరూ నాడి మేస్త్రి అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకొని కళ్లు మూసుకుంటాడు. రేకుల కప్పు చిల్లులోంచి దిగిన ఎండ కడ్డీలో దుమ్ము నెమ్మదిగా తిరుగుతుంటే, ఆయన అలా ఎంతసేపు నిలబడ్డాడంటే, ఈయన కూడా నిద్రపోయాడా అని కూతురికి అసూయ కలిగింది.

"మూడో సిలిండరు" అన్నాడు మేస్త్రి కళ్లు తెరిచి. స్కానరు పెట్టి చూస్తే అదీ మూడే అంది. "ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కాయిల్ మీద నాకు అనుమానం. మూడోదాని కాయిల్ తీసి ఒకటోదానికి పెడతా, ఒకటోదానిది మూడోదానికి. జబ్బు మూడులోనే ఉండిపోతే కాయిల్ తప్పు లేనట్టు. కాయిల్ వెంట ఒకటికి వెళ్లిందా, దొంగ దొరికినట్టే."

"ప్లగ్గు, కాయిల్ అన్నీ ఒకేసారి మార్చెయ్యొచ్చుగా?" అన్నాడు అల్లుడు ఆవలిస్తూ.

"ఒకసారికి ఒక్కటే కదపాలి సార్. నాలుగు కదిపితే ఏది నయం చేసిందో దేవుడికి కూడా తెలీదు."

జబ్బు కాయిల్ వెంట ఒకటికి వెళ్లింది. మేస్త్రి కొత్త కాయిల్ బిగించాడు. పాతది కాగితంలో చుట్టిస్తే, అది సంచిలో పేలుతుందేమోనని అమ్మమ్మ దూరంగా, చంటిపిల్లాడి తడిగుడ్డ పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుంది.

ఈ సందడికి పిల్లవాడు లేచాడు. ఫరవాలేదు, ఇంకా పదకొండు కాలేదు. కారు బయల్దేరింది. ఇంజన్ ఉందా లేదా అన్నంత మెత్తగా వీధులు వాటంతటవే జరిగిపోతున్నాయి. "హమ్మయ్య" అని అమ్మమ్మ పిడి వదిలింది. పిల్లవాడి టోపీ సరిచేసింది. మెడ సరిచేసింది. వాడి రెప్పలు వాలగానే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. రెప్పలు లేచాయి.

నాలుగు వీధులు ఏడుసార్లు తిరిగారు. వీధి మూల బట్టలు కుట్టే ఆయన ఏడోసారి కుట్టు ఆపి లేచి నిలబడి చూశాడు. పిల్లవాడి ఏడుపు ఇంజన్‌కన్నా బలంగా ఉంది.

"ఆ ఊపు పోయిందండీ!" అంది కూతురు హఠాత్తుగా. "వాడు కారుకి కాదు, ఆ మిస్సింగ్‌కి నిద్రపోయేవాడు. మనమే చేజేతులా బాగుచేయించుకున్నాం. ఇంక రాజీనామా రాసేస్తాను."

"కంగారు పడకు" అని అల్లుడు కారు ఆపి కిందికి దిగాడు. కూతురు ముందుకొచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. అతడు వెనక్కి వెళ్లి బంపరు మీద రెండు చేతులూ పెట్టి, మూడు ఊపులు ఊపి నాలుగోది వదిలేస్తూ, మిస్సింగ్ చెయ్యడం మొదలుపెట్టాడు.

దారిన పోయే ఒకాయన ఆగాడు. "స్టార్ట్ కావట్లేదా సార్?"

"అబ్బే, అదేం లేదండీ."

"మొహమాటపడకండి. పట్టండ్రా!"

నలుగురు చేతులు వేశారు. పిల్లవాడు నిద్రపోవాలని కారును ఊపుతున్నానని చెప్పడానికి అల్లుడికి నోరు రాలేదు. బ్రేకు మీద కాలు వెయ్యాల్సిన కూతురు, నిద్రమత్తులో, ఏట్లో పడవ ఎక్కానని అనుకుంది. ఎంత బావుందో, చప్పుడు లేకుండా ఇళ్లన్నీ ఎటో కొట్టుకుపోతున్నాయి. "అయిపోయాం, అయిపోయాం!" అంటూ అమ్మమ్మ ఒక్కో కరెంటు స్తంభానికీ ఒకసారి పిల్లవాడి గుండె మీద చెయ్యి వేసి చూస్తోంది. సాయం చేసే ఉత్సాహంలో ఆ నలుగురూ ఎవరి మాటా వినకుండా కారును తోసుకుంటూ తిన్నగా నాడి మేస్త్రి షెడ్డులో పెట్టి, చేతులు దులుపుకొని వెళ్లిపోయారు.

మేస్త్రి ముఖం పాలిపోయింది. "ఇందాకే కదా బాగుచేశాను!"

"అందుకే వచ్చాం" అంది కూతురు. "మళ్లీ పాడుచెయ్యండి."

ముప్పై ఏళ్ల అనుభవంలో ఆయన్ను ఎవరూ ఈ కోరిక కోరలేదు. సంగతంతా విని స్టూలు మీద కూలబడ్డాడు. "వద్దమ్మా. కాలని పెట్రోలు సైలెన్సరులోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది. తెలిసి తెలిసి నా చేత్తో చెయ్యను."

"సోమవారం నా ఉద్యోగం పోతుంది" అంది కూతురు.

మేస్త్రి కాసేపు స్క్రూడ్రైవరు చేతిలో తిప్పుకొని, పాత కాయిల్ అడిగి తీసుకొని బిగించాడు. ఇంజన్ మూడు మెట్లు దిగి నాలుగోది మరిచిపోయింది. అమ్మమ్మ ఉలిక్కిపడి రెండు చేతులతో పిడి, సీటు పట్టుకొని నోరు మూసేసుకుంది. నాలుగు నిమిషాల్లో పిల్లవాడు నిద్రపోయాడు.

"చూశారా!" అంది కూతురు ఆనందంతో.

మేస్త్రి ఇంజన్ వంక చూడడం లేదు. అమ్మమ్మ చేతుల వంక చూస్తున్నాడు.

ఇంజన్ ఆపి కొత్త కాయిల్ మళ్లీ బిగించి స్టార్ట్ చేశాడు. పిల్లవాడు కదల్లేదు. చప్పుడు మెత్తబడగానే అమ్మమ్మ ఊపిరి వదిలింది, పిడి వదిలింది, ముక్కు దగ్గర వేలు పెట్టింది. పిల్లవాడు లేచి రాగం అందుకున్నాడు.

"ఒక్కసారికి ఒక్కటే" అని మేస్త్రి తనలో తను గొణుక్కున్నాడు. ఇంజన్ ముట్టుకోలేదు. "అమ్మా, మీరొకసారి దిగి ఈ లైటు పట్టుకుంటారా? నా కళ్లకి సరిగా ఆనడం లేదు."

అమ్మమ్మ దిగి లైటు పట్టుకుంది. మేస్త్రి ఏమీ లేనిచోట ఏదో బిగిస్తూ నిలబడ్డాడు. ఎండ కడ్డీలో దుమ్ము తిరుగుతూనే ఉంది. అయిదు నిమిషాలకు వెనక సీట్లో ఏడుపు ఆవలింతగా మారింది, ఆవలింత కాసేపటికి చిన్న గురకగా మారింది. ఇంజన్‌లో ఒక్క మిస్సింగ్ కూడా లేదు.

జబ్బు ఎవరి వెంట కదిలిందో మేస్త్రికీ, కూతురికీ, అల్లుడికీ ఒకేసారి అర్థమైంది. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

అమ్మమ్మ ఒక్కొక్కరి ముఖం మీదా లైటు వేసి చూసింది. "ఏమిటలా చూస్తున్నారు? పిల్లాడికేమైనా అయిందా? నావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

కూతురికి అమ్మ సంగతి తెలుసు. నీవల్లే నిద్రపోవడం లేదమ్మా అని ఒక్క మాట అంటే, ఆవిడ సాయంత్రానికి పెట్టె సర్దుకుంటుంది. మళ్లీ ఈ జన్మలో మనవణ్ని ఎత్తుకోదు. చిన్నప్పుడు తన ముక్కు దగ్గర కూడా ఈ వేలే ఉండేదని, జ్వరం వచ్చిన రోజుల్లో ఆ వేలికోసమే కళ్లు తెరిచేదాన్నని కూతురికి గుర్తొచ్చింది. మేస్త్రి వంక చూసింది.

మేస్త్రి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఇంకో చిన్న చప్పుడు ఉందమ్మా" అన్నాడు చివరికి. "ప్రమాదం ఏం లేదు. కానీ ఎప్పుడో ఒకసారి వస్తుంది. కారు నడిపే సారుకి వినపడదు, ఆయన ధ్యాస రోడ్డు మీద ఉంటుంది. వెనక కూర్చుని ఎవరైనా వినాలి. రెండు చేతులతో ఆ పిడి గట్టిగా పట్టుకొని, మాట్లాడకుండా, ముందుకే చూస్తూ. మీకు చెవి బాగుంది, అందుకే అడుగుతున్నా."

"నేను అనుకుంటూనే ఉన్నా బాబూ" అంది అమ్మమ్మ. ఆమె ముఖంలో భయం, దాని వెనకే ఒక వెలుగు. "వీళ్లకి చెబితే వింటేనా?"

సోమవారం కూతురు ఉద్యోగంలో చేరింది. పదకొండింటికి అల్లుడు కారు తీశాడు. వెనక సీట్లో అమ్మమ్మ రెండు చేతులతో పిడి పట్టుకొని, ఊపిరి బిగపట్టి, ముందుకే చూస్తూ కూర్చుంది. పక్కన పిల్లవాడు గంటన్నర నిద్రపోయాడు. అప్పటినుంచీ రోజూ అదే వరస.

లేని ఆ చప్పుడు ఇప్పటికి ఆమెకు రెండుసార్లు వినిపించింది.