ఎవరి పేజీకి వారి ముద్ర

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవి గాని, పిల్లలకి నాలుగు నిజాలు చెప్పే బొమ్మల పుస్తకం ఒక్కటీ ఉండేది కాదు. కథల పుస్తకాలకి కొదవ లేదు. వాటి నిండా రాజులు, రాణులు, పెళ్ళిళ్ళు. వాగు దగ్గర నీళ్ళు ఎలా తాగాలో మాత్రం ఎవరూ రాయలేదు.

కిందటి వేసవిలో రేవుకి నీళ్ళకి వెళ్ళిన మూడు దుప్పి పిల్లలు మళ్ళీ బడికి రాలేదు. బడి నడిపే ముళ్లపంది టీచరమ్మ హాజరు పట్టీలో ఆ మూడు పేర్లూ కొట్టెయ్యలేకపోయింది. రోజూ పిలిచేది. జవాబు రాకపోతే కాసేపు ఆగి తర్వాతి పేరుకి వెళ్ళేది.

ఒకనాడు ఇక పట్టలేక, తన వీపు మీది ముల్లు తనే పీక్కుని, టేకాకులు ముందేసుకుని రాయడం మొదలుపెట్టింది. లకుముకి పిట్ట బొమ్మలు వేసింది. పుస్తకం పేరు 'మన ఇరుగుపొరుగు'. జంతువుకో పేజీ. ఎవరెక్కడుంటారు, ఏం తింటారు, ఎవరితో జాగ్రత్తగా ఉండాలి. అంతే.

అచ్చు వెయ్యాలంటే అడవి సభ ఒప్పుకోవాలి. సభకి అధ్యక్షులు ఏనుగు గారు. ఆయన చెడ్డవారేం కాదు. ఎవర్నీ నొప్పించడం చేతకాదు, అంతే. చెడ్డతనం కన్నా దానివల్లే ఎక్కువ నష్టమని నా అభిప్రాయం.

"బ్రహ్మాండంగా ఉందమ్మా!" అన్నారు ఏనుగు గారు. "ఒక్కటే మాట. పిల్లల పుస్తకం కదా, ఎవరి మనసూ కష్టపడకూడదు. ఎవరి పేజీ వాళ్ళకి చూపించి, అభ్యంతరం లేదని కాలిముద్ర వేయించుకురా. అందరి ముద్రలూ పడ్డాయంటే అచ్చుకి పంపించేద్దాం."

"పక్కవాళ్ళ పేజీలు కూడా చూపించనా అండీ?"

"అయ్యయ్యో, అదేం మర్యాద! ఒకరి సంగతి ఇంకొకరికెందుకు?"

ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడానికే కదా పుస్తకం రాశానని టీచరమ్మ అనబోయింది. ఏనుగు గారు అప్పటికే స్నానానికి లేచారు.

మొదట మొసలి దగ్గరికి వెళ్ళింది. పేజీలో ఇలా ఉంది: 'మొసలి నీళ్ళలో కదలకుండా దుంగలా ఉంటుంది. కళ్ళూ ముక్కూ మాత్రమే పైకి కనిపిస్తాయి. నీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళని పట్టుకుని తింటుంది.'

మొసలి బాగా నొచ్చుకున్నాడు. "పట్టుకుని తింటుంది ఏంటమ్మా, రౌడీని చెప్పినట్టు! నాకు పెళ్ళయి ఆర్నెల్లు కాలేదు. రేపు నా పిల్లలు కూడా నీ బడికే వస్తారు. ఇది చదివితే నేను వాళ్ళకి మొహం ఎలా చూపించను?"

"అబద్ధం రాశానంటారా?"

"అబద్ధమని అన్నానా? పిల్లల స్థాయికి తగ్గట్టు లేదంటున్నాను. ఇలా మార్చు. 'మొసలి మామ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని వాగు దాటిస్తాడు.' ఆ బొమ్మలో పళ్ళు కూడా తీసెయ్యమను పిట్టని. నవ్వు ఉంచమను."

టీచరమ్మ ఏనుగు గారి దగ్గరికి పరుగెత్తింది. "ముద్ర లేకపోతే అచ్చు లేదమ్మా," అన్నారాయన, చాలా దయగా.

రెండు రోజులు అన్నం సయించలేదు ఆ పిచ్చితల్లికి. చివరికి, ఒక్క పేజీ పోతే పోనీ, మిగతా నలభై అయినా పిల్లలకి దక్కుతాయి అనుకుంది. ప్రతి పేజీ దగ్గరా అలాగే అనుకుంది.

ఉడుము పేజీలో 'ఇసక తవ్వి, ఇతరులు పెట్టిన గుడ్లు తింటుంది' అని ఉంది. ఉడుము కోప్పడలేదు. చాలా మర్యాదస్తుడు.

"తవ్వడం నిజమే టీచరమ్మా. ఎందుకు తవ్వుతానంటావ్? గుడ్లు క్షేమంగా ఉన్నాయా లేదా చూద్దామని. తల్లులు ఊరెళ్ళినప్పుడు ఉడుము గుడ్లకి కాపలా ఉంటుందని రాయి. క్లుప్తంగా, బాగుంటుంది."

చివరికి మిగిలింది దుప్పమ్మ. కిందటేడు పోయిన ముగ్గురిలో ఒకడు ఆమె పెద్దకొడుకు. చిన్నవాడు ఇప్పుడు ఒకటో తరగతి. ఈమె దగ్గరైనా ఇబ్బంది ఉండదని టీచరమ్మ నిశ్చింతగా వెళ్ళింది.

'దుప్పికి బెదురు ఎక్కువ. చిన్న చప్పుడైనా తోక ఎగరేసి, అరిచి, పరుగు తీస్తుంది.'

దుప్పమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మేం పిరికివాళ్ళమని అచ్చులో వేస్తావా టీచరమ్మా? నా బిడ్డ నలుగురిలో తలెత్తుకోవద్దూ?"

"అది పిరికితనం కాదమ్మా, మిమ్మల్ని బతికిస్తున్నదే అది."

"ఏమో, నాకవన్నీ తెలీవు. 'దుప్పి ఎవరికీ బెదరదు, ఎవరొచ్చినా తలెత్తి నిలబడుతుంది' అని రాస్తేనే నా ముద్ర."

రాసింది. ముద్ర పడింది. అసలు పేజీలన్నీ మూటకట్టి తన బొరియలో దాచుకుంది. ఆకుపురుగులు కొరికి కొరికి అచ్చు తీశాయి. పుస్తకం ఇంటింటికీ చేరింది. ఏనుగు గారు సభలో రెండు గంటలు ఉపన్యసించారు. ప్రతివాడూ తన పేజీ చూసుకుని మురిసిపోయాడు. పక్క పేజీలు తిప్పి, "అలాగా! ఇన్నాళ్ళూ నాకు తెలియనే లేదు సుమా," అనుకున్నాడు.

ఎండలు ముదిరాయి. మొసలి భార్య ఇసకలో తొలి కాన్పు గుడ్లు పెట్టింది. ఇద్దరికీ ఆ సంగతులు కొత్త.

"పుట్టింటికి వెళ్ళొద్దామంటే గుడ్లు వదిలి ఎలాగండీ?" అంది ఆమె.

మొసలి పుస్తకం తిప్పి చూపించాడు. "ఇదిగో, ఉడుము పేజీ. కాపలా ఉంటాడట. అచ్చులో ఉంది, ఇంకేం కావాలి?"

ఉడుముకి అప్పజెప్పి ఇద్దరూ కింది మడుగుకి వెళ్ళారు.

సరిగ్గా ఆ రోజే ఒకటో తరగతి దుప్పి పిల్లలు పుస్తకం పట్టుకుని రేవులో దిగాయి. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, "మొసలి మామా, మమ్మల్ని దాటించవూ!" అని గంటసేపు పిలిచాయి. మామ ఊళ్ళో లేడు. ఉసూరుమంటూ ఇళ్ళకి పోయి, పుస్తకం తప్పుల తడక అని సభకి ఫిర్యాదు రాశాయి.

మర్నాడు సభలో ఏనుగు గారు ఆ ఫిర్యాదు చదువుతున్నారో లేదో, మొసలి తోక బాదుకుంటూ వచ్చాడు. నోట్లో పగిలిన పెంకులు. అవి నేల మీద పెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు మాత్రం నిజమే.

"ముప్పై గుడ్లండీ! ఒక్కటీ మిగల్లేదు! గుడ్లు మింగేవాణ్ణి కాపలాదారు అని రాస్తారా? సిగ్గుండాలి! దుప్పి పిల్లల్ని మింగే నేను వాగు దాటించే మామనని రాయించుకున్నాను, కాదనను. కానీ నాది వేరు!"

దుప్పమ్మ మొహంలో రక్తం లేదు. నిన్న తన కొడుకు మోకాళ్ళ లోతులో నిలబడి పిలిచింది ఎవర్నో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"నా పేజీకి నా ముద్ర ఉందండీ," అన్నాడు ఉడుము, మూతి తుడుచుకుని.

ఏనుగు గారు గొంతు సవరించుకున్నారు. "కోపంలో అన్న మాటలు రికార్డుకెక్కించం. ఇక ఉడుము పేజీ మార్చాలంటే నియమం ప్రకారం అన్ని పేజీలూ మళ్ళీ తెరవాలి. మీదీ తెరవాలి. తెరవమంటారా?"

మొసలి పెంకుల వంక చూశాడు. రేవు వంక చూశాడు. ఇంకా భోజనం చెయ్యలేదు.

"పోనీలెండి," అన్నాడు. "పుస్తకం మొత్తమ్మీద బాగానే ఉంది."

సభ ముగిసింది. దుప్పమ్మ కొడుకుని వెంటబెట్టుకుని బొరియ దగ్గరికి వచ్చింది. "టీచరమ్మా, మొసలి అసలు పేజీ ఉందా? పళ్ళున్న బొమ్మది?"

ఇన్నాళ్ళకి మొదటిసారి ఒకరు ఆ పేజీ అడిగారు. టీచరమ్మ మూట విప్పి ఇచ్చింది. "మీ అసలు పేజీ కూడా తీసుకెళ్ళమ్మా. బాబుకి అవసరం."

దుప్పమ్మ ఆ పేజీ చూసింది. బెదురు ఎక్కువ అన్న మాట దగ్గర మూతి బిగిసింది. "మాది ఎందుకులే. అచ్చులో ఉన్నదే బాగుంది," అని తిరిగి ఇచ్చేసింది.

అంతలో పొదలో చప్పుడైంది.

దుప్పమ్మ తోక లేచింది. ఒక్క కేక పెట్టి ఎగిరి దూకింది. కొడుకు కదల్లేదు. పాఠం వచ్చినవాడు కనక తలెత్తి నిలబడ్డాడు. ఆమె వెనక్కొచ్చి తలతో ఒక్క పోటు పొడిచింది.

"అమ్మా, నిలబడాలని పుస్తకంలో ఉంది కదే!"

"అది చదువుకోడానికిరా! ముందు పరిగెత్తు!"

తల్లీ కొడుకూ దుమ్ము రేపుకుంటూ పోయారు. టీచరమ్మ పొదలోకి తొంగి చూసింది. ఎండుటాకు. చేతిలో ఉన్న దుప్పి పేజీని జాగ్రత్తగా మళ్ళీ మూటలో పెట్టుకుంది.

నీతి: అచ్చయిన పుస్తకంలో అబద్ధం మన పేజీ ఒక్కటే, మిగతావన్నీ కళ్ళు మూసుకుని నమ్మవచ్చు.