నూట ఇరవై ఒక్క అడుగుల గ్యాసు పైపు

డ్రై ఫోర్క్ చర్చి కప్పు మీద కొత్తగా అమర్చిన వేడి-చల్లగాలి యూనిట్‌కు వెళ్లే గ్యాసు పైపు పొడవు నూట ఇరవై ఒక్క అడుగులని, నిర్మాణ సంఘం కార్యదర్శి హోదాలో సంతోషంగా తెలియజేస్తున్నాను. గ్యాసు మీటరు నుంచి యూనిట్‌కు అసలు దూరం పద్దెనిమిది అడుగులు. మిగిలిన నూట మూడు అడుగులూ మా భక్తి. టెక్సస్ పైకొసలో ఇంత పొడవైన పైపున్న చర్చి మరొకటి లేదు. విచారించాం.

మా చర్చిలో పేరు లేని వస్తువు ఉండదు. ఎవరైనా కన్నుమూస్తే ఇంటివాళ్లు వారి జ్ఞాపకార్థం ఏదో ఒకటి ఇస్తారు, మేం దానికి ఇత్తడి రేకు బిగిస్తాం. బల్లలకు పేర్లున్నాయి. కాఫీ కాచే డ్రమ్ముకు పేరుంది. చక్రాల కుర్చీ ఎక్కడానికి కట్టిన వాలుదారికి రెండు వైపులా రెండు పేర్లున్నాయి, ఎందుకంటే ఆ అన్నదమ్ములు బతికినన్నాళ్లూ మాట్లాడుకోలేదు. ఇరవై ఏళ్లలో పోయినవాళ్లు పెరిగారు, రేకు బిగించడానికి వస్తువులు తరిగిపోయాయి. కిందటేడు ఒకావిడ తన భర్త పేరు చెత్తబుట్ట మీద చూసుకుని ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో సంఘం గంటసేపు చర్చించి, బుట్ట మరీ చిన్నదైనందుకని తేల్చింది.

కనుక ఏప్రిల్‌లో పాత హీటరు చచ్చిపోయినప్పుడు మేమెవరం బాధపడలేదు. కొత్త యూనిట్ అంటే ఒకే పెద్ద పెట్టె. ఎండాకాలం కరెంటుతో చల్లగాలి, చలికాలం గ్యాసు మంటతో వేడిగాలి. పెట్టెకు ఒక పేరే పెట్టగలం. కానీ దానికి పైపు కావాలి, పైపుకు పొడవుంటుంది. ఈ సంగతి మొదట తట్టింది మా అధ్యక్షుడు బ్రదర్ వెర్లిన్ స్టాగ్స్‌కు. నలభై ఏళ్లు పశువుల దాణా అమ్మిన మనిషి. ఆయన లేచి నిలబడి, బెల్టు సర్దుకుని ఇలా సెలవిచ్చాడు:

"సోదరులారా! పైపును పైపుగా చూసేవాడు గుడ్డివాడు. అది మన పెద్దల వరస. అడుగుకొకరు చొప్పున మన పెద్దలు చేతులు కలిపి మనకు వెచ్చదనం అందిస్తారు. ఒక్క కుటుంబం కూడా చలిలో మిగలకూడదు!"

చప్పట్లు మోగాయి. రెండు వారాల్లో నూట పదిహేడు పేర్లు వచ్చాయి. పైపు చుట్టూ బిగించే ఇత్తడి పట్టీల మీద పేర్లు చెక్కించాం. చెక్కే దుకాణంవాళ్లు డజన్ల లెక్కన తప్ప చెయ్యరు కాబట్టి పట్టీలు నూట ఇరవై వచ్చాయి. మిగిలిన మూడింటిలో రెండు, పాత ఇద్దరు పాస్టర్లకు రెండోసారి ఇచ్చాం. మూడోది బ్రదర్ వెర్లిన్ వేటకుక్క బాస్కమ్‌కు దక్కింది. అది మంచి కుక్క, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పేరు ఇవ్వనిది మిస్ ఓలీటా ప్రూయిట్ ఒక్కతే. పెళ్లయినా పెద్దావిడలను మేం మిస్ అనే పిలుస్తాం. ఎనభై మూడేళ్ల మనిషి. ఊరి చివర ట్రైలరు ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఆ ఇంట్లో హీటరు పాడై రెండు చలికాలాలైంది. అందుకని చలి మొదలవగానే రోజూ పొద్దున తొమ్మిదికి చర్చి హాలు తెరిచే వేళకు వచ్చి, సాయంత్రం అయిదుకు మూసేదాకా కూర్చునేది. ఊరికే కూర్చోదు. పాటల పుస్తకాల చిరుగులు అంటించేది, ఆదివారం బడి పిల్లల బొమ్మల కత్తెరలు లెక్కపెట్టేది. పేరేమైనా ఇస్తావా అని నేనే అడిగాను.

"నాకు అడుగూ గజమూ ఎందుకు నాయనా! మా ఆయన హోయ్ట్ పోయి ముప్పై ఏళ్లయింది, ఇప్పుడు పైపెక్కి ఏం చేస్తాడు? వేడిగాలి వచ్చేచోట నాకో కుర్చీ వెయ్యి, అంతే చాలు," అంది.

ఆ కోరికను మినిట్సులో, అంటే మా సమావేశాల పుస్తకంలో, నమోదు చేశాను. కుర్చీ కూడా వేశాను.

నవంబరులో యూనిట్ అమర్చడానికి ఎలీసియో బాకా వచ్చాడు. మా జిల్లాలో గ్యాసు పనీ కరెంటు పనీ రెండూ తెలిసిన మేస్త్రి అతనే. క్రేనుతో పెట్టె కప్పు మీదికి ఎక్కించి, సమంగా కూర్చోబెట్టి, పక్కనే చేతికందేలా స్విచ్చి పెట్టె బిగించి, కరెంటు తీగలు గొట్టంలోంచి లాగి, హాల్లో గోడ మీద వేడి పెంచి తగ్గించే థర్మోస్టాట్‌కు సన్న తీగలు కలిపాడు. తర్వాత గ్యాసు. మీటరు నుంచి గోడ వెంట పైకి, కప్పు మీదుగా పెట్టెలోకి, అర అంగుళం పైపు పద్దెనిమిది అడుగులు. చెత్త దిగడానికి చివర చిన్న తోక కూడా పెట్టాడు. రెండు రోజుల్లో పని అయిపోయింది. ఇంత తొందరగా ముగిసిన పని మా చర్చి చరిత్రలో లేదు. అది మాకు కొంచెం మర్యాద తక్కువగా అనిపించింది.

బ్రదర్ వెర్లిన్ పట్టీల డబ్బా తెరిచి చూపించాడు. ఎలీసియో డబ్బాలోకి తొంగి చూశాడు.

"అయ్యా, ఇన్ని ఎక్కడ పెట్టమంటారు?"

"అడుగుకొకటి."

"పైపు పద్దెనిమిది అడుగులే గదండీ."

"అందుకే నిన్ను పిలిచింది! కప్పు చుట్టూ ఒక చుట్టు తిప్పు, తూర్పున వంపు తిరిగి గంట గోపురం దాకా వెళ్లి వెనక్కి రా. అల్లుళ్లను పైపు మలుపు తిరిగే ఎల్బోల దగ్గర పెడదాం."

"అలా తిప్పితే గ్యాసు దారిలోనే నీరసపడిపోద్దయ్యా. పెట్టె దాకా బలం రాదు. అంత దూరం తిప్పాలంటే లావు పైపు వెయ్యాలి."

"లావు పైపుకు పట్టీలు పట్టవు గదయ్యా!"

"మరి పట్టీలు మార్చండి."

"చెక్కించేశాం."

ఎలీసియో డబ్బా మూత మూసేశాడు. పట్టీలు తీసుకోలేదు, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. వెళ్తూ యూనిట్ తలుపు లోపల మార్కరుతో, 'అర అంగుళం, 18 అడుగులు. పెంచవద్దు' అని రాశాడు. అతనిది మా చర్చి కాదు కనుక క్షమించాం.

తర్వాత నాలుగు రోజులు హాలు వెచ్చగా ఉంది. మూడో రోజు మిస్ ఓలీటా కోటు విప్పి కుర్చీకి తగిలించింది. ఆవిడ కోటు కింద వేసుకునేది నీలం స్వెట్టరని మాకు అప్పుడే తెలిసింది. ఆ స్వెట్టరు మోచేతుల దగ్గర చక్కగా రఫ్ఫు చేసి ఉంది.

ఐదో రోజు శనివారం. మా పురుషుల శ్రమదానం. ప్రతి శ్రమదానంలాగే ఇదీ డోనట్లతో మొదలైంది. పన్నెండు మంది కప్పెక్కారు. మా మగవాళ్లలో పైపు పని తెలిసినవాడు ఒకడున్నాడు, అతను ఆ రోజు నడుం పట్టేసి రాలేదు. సాయంత్రానికి పైపు నూట ఇరవై అడుగులైంది. వంపులు ఇరవై రెండు. బాస్కమ్ పట్టీని యూనిట్‌కు దగ్గరలోనే పెట్టారు, వేట కుక్కకు ముందు నడవడం అలవాటని. సోమవారం తనిఖీ అధికారి వచ్చి ప్రతి అతుకూ సబ్బునీళ్లతో తడిపి చూశాడు. ఒక్క బుడగ లేవలేదు. పైపులో ఎక్కడా గ్యాసు కారడం లేదని ధ్రువపత్రం ఇచ్చాడు. అసలు చివరిదాకా వస్తోందా అని చూడటం ఆయన కాగితంలో ఉందో లేదో నాకు తెలియదు. ఆ అధికారి నాన్న మా పైపులో తొమ్మిదో అడుగు. ఆయన అక్కడ టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు.

ఎండ కాసే రోజుల్లో యూనిట్ అద్భుతంగా పనిచేసింది. అంటే, అవసరం లేని రోజుల్లో. చలి ముదిరితే మాత్రం సన్నమంటతో లేచి, పెద్ద మంట అందుకోబోయి ఆరిపోయేది. చర్చి వంటింట్లో మిరపకాయ మాంసం కూరకు పొయ్యి వెలిగిస్తే ఆ సన్నమంట కూడా లేచేది కాదు. డిసెంబరులో ఎలీసియోను మళ్లీ పిలిచాం. గేజు పెట్టి చూశాడు.

"మీటరు దగ్గర గ్యాసు ఒత్తిడి ఏడు చూపిస్తోంది. పెట్టె దగ్గర మూడు. దీనికి కనీసం అయిదుండాలి. రెండు గంటలు టైమివ్వండయ్యా, పాత దారి వేసిపోతా. కూలి కూడా వద్దు. ఆ పెద్దావిడ కోటు మళ్లీ వేసుకుని కూర్చుంది, చూశారా?"

బ్రదర్ వెర్లిన్ కదిలిపోయాడు. "ఏమయ్యా, వంద కుటుంబాల పెద్దల్ని కోసి కింద పడేద్దామంటావా? క్రిస్మస్ ముందు?"

విషయం నూట పదిహేడు కుటుంబాల అభిప్రాయ సేకరణకు వెళ్లింది. ఈలోగా చలి గురించి ఫిర్యాదులు రాకుండా సంఘం ఒక తాత్కాలిక ఏర్పాటు చేసింది. మిస్ ఓలీటా కుర్చీ పక్క గోడకు రెండో థర్మోస్టాట్ బిగించాం. పట్టణంలో దొరికేవాటిలో మంచిదే. వెనక రెండు తీగలు గోడలోకి పోతాయి, జానెడు పోయి ఆగిపోతాయి. ఆ తీగలు ఎర్రదీ తెల్లదీ ఉండాలని కూడా జాగ్రత్త తీసుకున్నాం. 'ఇది మీవైపుది, మీ ఇష్టం వచ్చినంత పెంచుకోండి' అని ఆవిడకు చెప్పింది నేనే. ఆ వారం నుంచి హాలు నయంగా ఉందని పద్నాలుగు మంది నాతో అన్నారు.

జనవరి రెండో బుధవారం ఉత్తరపు గాలి దిగింది. మధ్యాహ్నం పన్నెండుకు ఉత్తరాన ఆకాశం ముదురు నీలంగా మారి, ఒంటిగంటకల్లా పశువుల తొట్లలో నీళ్లు గడ్డకట్టాయి. పైపు మీద అత్యవసర సమావేశం పెట్టాం. హాల్లో చలిగా ఉంటుందని బ్రదర్ వెర్లిన్ ఇంట్లో, నిప్పుగూటి ముందు పెట్టాం. పీకాన్ గింజల 'పై' రొట్టె, కాఫీ ఇచ్చారు. అభిప్రాయ సేకరణ ఫలితం చదివాను. పైపు తగ్గించడానికి నూట ఆరు కుటుంబాలు అంగీకరించాయి, తమ అడుగు మాత్రం ఉంచాలన్నాయి. దీన్ని సంఘం ఏకాభిప్రాయంగా గుర్తించి, వచ్చే నెలకు వాయిదా వేసింది.

నాలుగింటికి మినిట్సు పుస్తకం పెట్టడానికి హాలుకు వెళ్లాను. మిస్ ఓలీటా కోటు, దాని మీద శాలువా, దాని మీద ఎవరో వదిలిపోయిన పాటబృందం అంగీ కప్పుకుని, ఆ థర్మోస్టాట్ మీద వేలు పెట్టి కూర్చుని ఉంది. అది ఎనభై అయిదు మీద ఉంది. అంతకు మించి పోదు.

"కొంచెం నిదానం దీనికి. కానీ వస్తోంది నాయనా. ఇందాకటి కన్నా నయం. ఏం, నీకు తెలియడం లేదూ?" అంది. మాట వణుకుతోంది.

తీగలు ఎక్కడ ఆగిపోయాయో నాకు తెలుసు. "అవునండీ, వస్తోంది," అన్నాను.

కారులో ఇంటి దగ్గర దింపాను. తలుపు తీసుకుని లోపలికి వెళ్లేదాకా చూశాను. నేను లోపలికి వెళ్లలేదు. నా కారులో హీటరు బాగా పనిచేస్తోంది, దిగబుద్ధి కాలేదు. ఈ వాక్యం మినిట్సులో లేదు. సిగ్గు రాయడానికి మా పుస్తకంలో గడి లేదు.

గురువారం పొద్దున తొమ్మిదికి ఆవిడ రాలేదు. పొరుగువాళ్లు చూసి అమరిల్లో పట్టణం ఆసుపత్రికి తీసుకెళ్లారు. శనివారం పోయింది. డాక్టరు గుండె అని రాశాడు. ఇంతవరకూ ఏ కాగితంతోనూ అంత తొందరగా మేం ఏకీభవించలేదు.

సమాధి కార్యక్రమం తర్వాత భోజనాలకు హాలు నిండిపోయింది. ఓవెన్లో కాల్చిన కాసరోల్ వంటకాలు పదిహేడు రకాలు వచ్చాయి, అన్నీ వేడివేడిగా. జనం ఎక్కువైనందువల్ల హాలు కూడా వెచ్చబడింది. దాన్ని అందరూ యూనిట్ గొప్పతనంగా చెప్పుకున్నారు. బ్రదర్ వెర్లిన్ మాట్లాడటానికి లేచాడు. నిజంగానే ఏడ్చాడు, అది నేను కాదనను.

"ఈ హాలును ఇంతగా ప్రేమించినవాళ్లు ఇంకొకరు లేరు. బతికుండగా ఆమె ఒక్క అడుగు కూడా అడగలేదు. మనమే ఇద్దాం! నూట ఇరవై ఒకటో అడుగు మిస్ ఓలీటాది!"

చేతులన్నీ లేచాయి. నాదీ లేచింది.

ఎలీసియో వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ప్లేటు పట్టుకోలేదు. అందరూ తినడానికి లేచాక బ్రదర్ వెర్లిన్ దగ్గరికి వచ్చాడు. "అయ్యా, పైపు ట్రక్కులో ఉంది. పద్దెనిమిది అడుగులు, కోసి, చివర్లకు మరలు కూడా చెక్కి తెచ్చా. ఇప్పుడైనా వేసిపోనివ్వండి."

బ్రదర్ వెర్లిన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడెలా కుదురుతుందయ్యా! ఆవిడ పేరు ఎక్కించిన వారమే ఆవిడ పైపు కోసేస్తామా? జనం ఏమనుకుంటారు?"

ఎలీసియో నా వంక చూశాడు. నేను మినిట్సు రాస్తున్నాను.

పట్టీ నిన్న వచ్చింది. అక్షరాలు బాగా కుదిరాయి. చెప్పాను కదా, ఆ దుకాణంవాళ్లు డజనుకు తక్కువ చెయ్యరు. పేరు చెక్కనివి ఇంకా పదకొండు నా బల్ల సొరుగులో ఉన్నాయి. హాలు రోజూ తొమ్మిదికి తెరుస్తాం, ఆ థర్మోస్టాట్ పక్క కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. పేర్లు ఇవ్వదలచినవారు తొందరపడనక్కర్లేదు. చలి ఇంకా రెండు నెలలుంది.