మా ఇంటి ప్లస్ నాలుగు

మా యాడి గడప దగ్గర కూర్చుని చాటతో బియ్యం చెరుగుతోంది. తండాలో మేం అమ్మను యాడి అంటాం. లోపల జైపాలన్న కంప్యూటర్‌తో చదరంగం ఆడుతున్నాడు. ఈ రెండింటిలో దేశానికి పనికొచ్చేది రెండోదేనని సవినయంగా మనవి చేస్తున్నాను!

నవ్వకండి. చదరంగం ప్రోగ్రాంకు ఉన్న తెలివి ఎవరికుంది? బంటుకు ఒకటి, ఒంటెకు మూడు, మంత్రికి తొమ్మిది. కూడి, తీసి, తెర మీద అంకె వేసేస్తుంది. గెలుస్తామా లేదా అని మనం బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు!

ఇవాళ అన్నకు రాజు, ఒంటె, ఒక బంటు మిగిలాయి. కంప్యూటర్‌కు ఉత్త రాజు. తెర మీద అన్నకు ప్లస్ నాలుగు.

"గెలిచినట్టే యాడీ!" అన్నాడు అన్న.

"గెలిచినట్టేనా, గెలిచినవా?" అంది యాడి, చాట ఆపకుండా.

ఇలాంటి ప్రశ్నలే ప్రగతికి అడ్డం.

నిజమే, చిన్న చిక్కుంది. అన్న బంటు అంచు నిలువు వరుసలో ఉంది. అది మంత్రి కావాల్సిన మూల గడి తెల్లది. అన్న ఒంటేమో నల్ల గళ్ల మీదే నడిచేది. ఎదుటి రాజు ఆ మూలలో చేరి కూర్చున్నాడు. లేపే దిక్కు లేదు. పొద్దటి నుంచి ఆట అక్కడే! అయితేనేం, అంకె చెక్కు చెదరలేదు.

సకల జనుల సమ్మెలో బళ్లు మూతపడి, బస్సులు ఆగి, కరెంటు వచ్చిపోతున్న రోజుల్లో ఇంత నిలకడ ఇంకెక్కడ దొరుకుతుంది? టీవీలోనూ ఇదే లెక్క. ఇన్ని రాజీనామాలు, అన్ని ర్యాలీలు, రాష్ట్రం వచ్చినట్టే! ఢిల్లీలో మూల గడి పట్టుకుని ఎవరు కూర్చున్నారో మనకెందుకు?

మా బాపు హీరాలాల్ ఈ లెక్కను ఇంట్లోనూ అమలు చేశాడు. ఇవాళ బయ్యారం రోడ్డు మీద వంటావార్పు. ఉద్యమం కోసం ఆడవాళ్లంతా నడిరోడ్డు మీద పొయ్యి పెడుతున్నారు. యాడి చెరిగే బియ్యం అక్కడికే.

"గంతమంది లీడర్లున్నరు. నువ్వొక్కదానివి పోకుంటే తెలంగాణ ఆగుతదా?" అన్నాడు బాపు.

"మరి మీరిద్దరు పోతరా?"

బాపు టీవీ వైపు తిరిగాడు. "నువ్వు పోతే మాకెవరు వండుతరు?"

చూశారా, ఎంత కచ్చితమైన లెక్కో! రోడ్డు మీద యాడి విలువ సున్నా. ఇంట్లో ఆమె లేకుంటే ఆటే లేదు!

చదరంగంలో బలగం తరిగాక రాజు కూడా మూల వదిలి నడవాలట. పాత ప్రోగ్రాంలకు ఆ సంగతి తెలిసేది కాదట. మా ఇంటి రాజులిద్దరికీ ఇంకా తెలియలేదు. ఒకరు టీవీ ముందు, ఒకరు కంప్యూటర్ ముందు.

తెర మీద ఇంకా ప్లస్ నాలుగే. బాపు ఖాళీ గిన్నె మూత తీసి చూస్తుండగా, యాడి బియ్యం మూట నెత్తికెత్తుకుని గడప దాటింది.