మా ఆవిడ కోసమే ఈ కయాక్

ఓరిన్ హాల్వర్సన్ గరాజ్‌లో మూడు పడవలున్నాయి. ఒకదానికి అడుగున చిల్లి. రెండోదానికి మోటారు చచ్చిపోయింది. మూడోది ఓరిన్ స్వయంగా కడుతున్నాడు, పదకొండేళ్ళ నుంచి. కారు మాత్రం బయట మంచులో పడుంటుంది. విస్కాన్సిన్ చలికాలం ఎలా ఉంటుందో ఆ కారుని అడగాలి.

అందుకే అతని భార్య లవోన్ ఒకనాడు శాసనం చేసింది.

"ఈ గరాజ్‌లోకి నీ పడవ ఇంకొక్కటి వచ్చిందంటే, అందులోనే నువ్వు కాపురం పెట్టుకో."

లవోన్ ఇరవై ఆరేళ్ళుగా ఆ ఊరి స్కూలు బస్సు నడుపుతోంది. వెనక సీట్లో ఎవడు ఎవడి జుట్టు లాగుతున్నాడో అద్దంలోకి చూడకుండానే చెప్పగలదు. ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే ఉన్నారు. వాళ్ళిద్దరూ ఇప్పుడు వేరే ఊళ్ళో ఉన్నారు.

ఓరిన్ కూడా ఎదురు చెప్పేవాడు కాదు. మర్విన్ వచ్చి మనసు పాడుచేశాడు.

మర్విన్‌ని ఊరంతా మునకల మర్విన్ అంటారు. మిసిసిపీ నదిలో అతను రెండు పడవల్నీ ఒక ట్రక్కునీ ముంచాడు. ట్రక్కు సంగతి చలికాలంలో, గడ్డకట్టిన నీళ్ళ మీద జరిగింది. అలాంటివాడు పడవల గురించి సలహా ఇస్తే వినకూడదు. ఓరిన్ విన్నాడు.

"బాతులన్నీ ఇప్పుడు జమ్ముగడ్డి లోపల, జానెడు నీళ్ళలో దిగుతున్నాయి ఓరిన్," అన్నాడు మర్విన్. "మన పడవలు అక్కడికి పోవు. తెడ్డుతో నడిపే చిన్న కయాక్ ఉండాలి."

"కయాకూ లేదు, గియాకూ లేదు. కయాక్ తెస్తే కయ్యమే. లవోన్ ఊరుకోదు."

"నీ పడవ వద్దంది. తన పడవ వద్దందా?"

ఓరిన్ నోట్లో శాండ్‌విచ్ నమలడం ఆపాడు. ఆగస్టులో లవోన్ పుట్టినరోజు. స్టీరింగ్ తిప్పీ తిప్పీ ఆవిడ భుజాలు పట్టేశాయనీ, కాస్త వ్యాయామం కావాలనీ డాక్టరు చెప్పనే చెప్పాడు. పైగా లవోన్ ఏ సరదా మొదలుపెట్టినా ఆరువారాలకి మించదు. వాయిస్తానని కొన్న అకార్డియన్ అటక మీద ఉంది. కుండలు చేసే చక్రం మీద కుక్క పడుకుంటోంది. ఆగస్టు నుంచి ఆరువారాలు లెక్కేస్తే బాతుల సీజన్ మొదలు. ఇంతకంటే అందమైన లెక్క తన జీవితంలో చెయ్యలేదనిపించింది ఓరిన్‌కి.

పక్క ఊళ్ళో పడవల దుకాణం ట్రూడీ అనే ఆమెది. ఓరిన్ తన లాబ్రడార్ కుక్క గ్రేవీని వెంటపెట్టుకుని వెళ్ళాడు.

"ఎవరికండీ కయాక్?" అంది ట్రూడీ.

"మా ఆవిడకి. పుట్టినరోజు కానుక."

"ఎంత మంచివారండీ! ఇదిగో, ఇది చూడండి. సన్నగా, తేలిగ్గా ఉంటుంది. ఒక్క చేత్తో ఎత్తుకోవచ్చు."

"సన్నం వద్దు. బాగా వెడల్పుండాలి. పక్కకి ఒరిగినా తిరగబడకూడదు."

"సరే. ఎంత బరువు మొయ్యాలి?"

"నాలుగు వందల పౌన్లు."

ట్రూడీ కళ్ళజోడు సర్దుకుంది. "మీ ఆవిడ...?"

"ఆవిడ సన్నమే. మధ్యాహ్నం భోజనం గట్టిగా కట్టుకెళుతుంది."

"కూర్చునే చోటు లోపల గుంటలా ఉండాలా, పైన బల్లలా ఉండాలా? లోపలైతే చలిగాలి తగలదు."

"లోపలైతే చంకల దాకా రబ్బరు బూట్లేసుకుని బయటికి రావడం కష్టం. పైనే ఉండాలి."

"ఆవిడ చంకల దాకా రబ్బరు బూట్లేసుకుంటారా?"

"పాదాలు చల్లబడితే ఆవిడకి పడదు."

ట్రూడీ అది కూడా రాసుకుంది. రంగుల దగ్గరికొచ్చారు. లేత నీలం ఉంది, పసుపుంది, చెర్రీపండు రంగుంది. ఓరిన్ మూల ఉన్న ఎండుగడ్డి రంగు పడవని చూపించాడు.

"ఆడవాళ్ళెవరూ అది తీసుకోరండీ," అంది ట్రూడీ.

"మా ఆవిడ ఎగిరి గంతేసి తీసుకుంటుంది. ఎండుగడ్డంటే ప్రాణం. రైతు కుటుంబం."

తరవాత ఓరిన్ పడవెక్కి కూర్చున్నాడు. దుకాణం నేల మీదే అటూ ఇటూ ఊగి చూశాడు. గ్రేవీని ముందు కూర్చోబెట్టి తోక ఎక్కడికొస్తుందో చూశాడు. లేని తుపాకీని భుజానికెత్తి, ఫ్యాను మీద ఎగురుతున్న లేని బాతుకి గురిపెట్టాడు. ఆ తరవాత పడవ మీద కప్పుకునే జమ్ముగడ్డి చాపలు, లంగరు, బురదలో గుచ్చి తోసే గెడ, తుపాకీ తగిలించుకునే కొక్కెం, నీళ్ళు చొరబడని సంచి, నిజం బాతుల్ని రప్పించే డజను ప్లాస్టిక్ బాతులు, తన కొలతకి సరిపోయే లైఫ్ జాకెట్ తీసుకున్నాడు.

సామానంతా ఓరిన్ తెచ్చిన ట్రక్కులోకి ఎక్కాక ట్రూడీ అడిగింది. "ఒక్క ప్రశ్నండీ. మీ ఆవిడ ఎక్కువగా ఏ జాతి బాతుల్ని కొడతారు?"

ఓరిన్‌కి ఆ ప్రశ్న వినపడలేదు. వినపడలేదనే ఇంట్లో కూడా అనుకున్నాడు.

పుట్టినరోజు ఉదయం కయాక్‌కి గులాబీరంగు రిబ్బను కట్టి పెరట్లో పెట్టాడు. లవోన్ కాఫీ కప్పుతో వచ్చి, పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఈ గడ్డి చాపలేంటి?"

"ఎండ తగలకుండా, వోనీ," అన్నాడు, ముద్దుపేరుతో పిలుస్తూ.

"ఈ కొక్కెం?"

"గొడుగు తగిలించుకోడానికి."

"మరి ఈ డజను బాతులు?"

"ఒంటరిగా వెళ్తావు కదా. తోడుంటాయని."

లవోన్ లైఫ్ జాకెట్ వేసుకుంది. అందులో ఆవిడతోపాటు ఇంకో లవోన్ పడుతుంది. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"ఇది నాదేనా ఓరిన్?"

"నీదే."

"పూర్తిగా?"

"పూర్తిగా నీదే, వోనీ."

ఆవిడ అతని బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఓరిన్ లోపల్లోపల ఈలేశాడు. అక్కణ్ణుంచి సీజన్‌కి సరిగ్గా ఆరువారాలు.

మొదటివారం లవోన్ రోజూ సాయంత్రం తెడ్డు వేసింది. కొత్త మోజు కదా అనుకున్నాడు. మూడోవారం తన కొలతకి జాకెట్ కొనుక్కుంది. పాత జాకెట్ బిగువుగా ఉందేమో అని తనకి తాను అబద్ధం చెప్పుకున్నాడు ఓరిన్. నాలుగోవారం నుంచి గ్రేవీ అతని మంచం పక్కన పడుకోవడం మానేసి, కయాక్ పక్కన పడుకోవడం మొదలెట్టింది. అయిదోవారం ఆవిడ భోజనాల బల్ల దగ్గర బంగాళాదుంపలు వడ్డిస్తూ, "ఆ మూడో వంపు వెనకాల అడవి వరి పండింది. పచ్చతల బాతులు నలభై దాకా ఉన్నాయి," అంది. ఓరిన్ ముప్పై ఏళ్ళకి పైగా ఆ నది మీద వేటాడుతున్నాడు. మూడో వంపు వెనక అడవి వరి ఉందని అతనికి తెలియదు.

సెప్టెంబరు చివర్లో గొంతు సవరించుకున్నాడు.

"వోనీ, శనివారం నీ కయాక్ ఓసారి ఇస్తావా?"

"శనివారం కుదరదే. నాకు పనుంది."

"ఏం పని?"

"బాతుల వేట."

ఓరిన్ నవ్వాడు. లవోన్ నవ్వలేదు. సొరుగులోంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది. పక్కన, వేటగాళ్ళకి ప్రభుత్వం అమ్మే బాతుల స్టాంపు పెట్టింది. ఫైర్ స్టేషన్‌లో నాలుగు మంగళవారాలు వేట తరగతికి వెళ్ళి తెచ్చుకున్న సర్టిఫికెట్ దాని పక్కన పెట్టింది.

"మంగళవారాలు నువ్వు చర్చి పాటల సాధనకి వెళ్తున్నానన్నావు!"

"నువ్వు గొడుగు కొక్కెం అన్నావు."

ఓరిన్ సర్టిఫికెట్ తిరగేసి చూశాడు. "నీకు తుపాకీ ఎక్కడిది?"

"మా నాన్నది. పదేళ్ళప్పట్నించీ మా పొలంలో మొక్కజొన్న మీద వాలే కాకుల్ని కొట్టింది నేనే. నీకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ముప్పై ఒక్క శరత్కాలాలు ఓరిన్. ప్రతి శనివారం నువ్వు తెల్లారకుండానే వెళ్ళిపోతావు. నేను వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వస్తావా అన్నావా?"

"బురద... చలి... నీకెందుకని..."

"నాకెందుకో నన్నడగొచ్చుగా."

ఓరిన్ లేచి వెళ్ళి మర్విన్‌కి ఫోన్ చేశాడు.

శనివారం ఉదయం ఓరిన్, మర్విన్ ఇద్దరూ చిల్లి పడవకి మాసిక వేసుకుని బయల్దేరారు. లైఫ్ జాకెట్లు తుపాకీకి అడ్డమని ఒడ్డునే వదిలేశారు. లవోన్ అప్పటికే గ్రేవీతో మూడో వంపు దాటిపోయింది. అటువైపు నుంచి ఒక తుపాకీ చప్పుడు. ఆగి, ఇంకోటి. ఒక్కొక్క చప్పుడుకీ ఓరిన్ మెడ పొట్టిదవుతోంది.

"అది లవోనేనంటావా?" అన్నాడు మర్విన్.

"నోర్మూసుకో."

ఇంతలో రెండు బాతులు నెత్తి మీదుగా పోయాయి. ఓరిన్ ఆత్రం కొద్దీ లేచి నిలబడ్డాడు. పడవలో నిలబడి కాల్చకూడదని అతను యాభై మందికి చెప్పుంటాడు. తుపాకీ పేలింది, అతను వెనక్కి పోయాడు, పడవ పక్కకి పోయింది, మర్విన్ ఎప్పుడూ పోయే చోటికే పోయాడు.

నీళ్ళు నడుం దాకానే. కింద బురద మాత్రం మోకాళ్ళ పై దాకా ఉంది. మర్విన్ తేలి, బోర్లాపడిన పడవ మీదికి ఎక్కేశాడు. ఆ విద్యలో అతనికి సాటి లేరు.

"కంగారు పడకు. ఇది నాకు అలవాటే," అన్నాడు.

ఓరిన్‌కి అలవాటు లేదు. రబ్బరు బూట్లు నిండా నీళ్ళు పట్టాయి. ఒక కాలు లాగితే రెండోది ఇంకా దిగుతోంది. మొదటి అయిదు నిమిషాలు తిట్టుకున్నాడు. తరవాత అరిచాడు. ఇంకాసేపటికి అరవడానికి దవడలు కదల్లేదు. అక్టోబరు నీళ్ళు ఎముకల్లోకి ఎక్కుతున్నాయి. మర్విన్ జోకులు ఆపేశాడు. అతను జోకులు ఆపడం చూసి ఓరిన్‌కి మొదటిసారి భయమేసింది.

జమ్ము కదిలింది. ఎండుగడ్డి ముద్ద ఒకటి వాళ్ళవైపు నడిచొస్తున్నట్టుంది. దగ్గరికొచ్చాక అందులోంచి లవోన్ మొహం, గ్రేవీ మొహం బయటికొచ్చాయి.

ఆవిడ ఒక్కటే అడిగింది. "జాకెట్ ఏది?"

ఇద్దరూ వెనక సీటు పిల్లల్లా తల వంచుకున్నారు.

"మర్విన్, ఆ పడవ మీంచి దిగావంటే చంపేస్తాను. ఓరిన్, బూట్ల పట్టీలు విప్పు."

"కొ-కొత్త బూట్లు..."

"బూట్లు బురదకిచ్చెయ్. నువ్వు నాక్కావాలి."

పట్టీలు విప్పి, గెడ పట్టుకుని, బూట్లలోంచి జారి బయటపడ్డాడు. లవోన్ అతని బెల్టు పట్టుకుని కయాక్ వెనక బోర్లా వేసుకుంది. అతని మొహం కింద అయిదు పచ్చతల బాతులున్నాయి. పైన తడిసిన కుక్క కూర్చుంది. ఒడ్డుకి చేరేసరికి ఊళ్ళో సగంమంది వేటగాళ్ళు అక్కడే ఉన్నారు. ఓరిన్ ఎర్ర ఉన్ని లోపలి పైజామాతో వాళ్ళ మధ్య నుంచి ట్రక్కు దాకా నడిచాడు. శవం వెళ్తున్నట్టు అందరూ టోపీలు తీశారు.

మర్విన్‌ని కూడా తెచ్చి దింపాక లవోన్ ట్రక్కులో హీటరు వేసి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసింది. సగం కప్పు బయట పోయింది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులు వణకడం ఓరిన్ ఎప్పుడూ చూడలేదు. మంచు తుపానులో నలభై మంది పిల్లలతో బస్సు జారినప్పుడు కూడా వణకలేదని ఊరంతా చెప్పుకుంటారు.

"వోనీ, ఆ కయాక్ నీకోసం కొనలేదు."

"కొన్నరోజే తెలుసు. ట్రూడీ పన్నెండేళ్ళు నా బస్సెక్కిన పిల్ల. నువ్వింటికి వచ్చేలోపే ఫోన్ చేసింది. ఫ్యాను మీద బాతుని కూడా కొట్టావటగా."

"మరి అప్పుడే ఎందుకు తిట్టలేదు?"

"తిడితే తిరిగిచ్చేసేవాడివి. మంచి పడవ." ఆవిడ కప్పు అతని చేతిలో పెట్టింది. "తాగు. మాట్లాడకు."

ఓరిన్ తుపాకీని మర్నాడు గాలం వేసి తీశారు. గొట్టం నిండా బురద. బాగుచెయ్యడానికి మూడువారాలు పడుతుందన్నాడు మెకానిక్. అంటే ఓరిన్‌కి పడవ లేదు, బూట్లు లేవు, తుపాకీ లేదు. గురువారం రాత్రి భోజనం దగ్గర ముల్లుతో బఠాణీలు దొర్లిస్తూ, పెళ్ళి అడిగిన రోజుకంటే ఎక్కువ తడబడుతూ అడిగాడు.

"శనివారం... నీతో నేనూ రావచ్చా?"

లవోన్ ఆలోచిస్తున్నట్టు బఠాణీలు ఒక్కొక్కటే ఏరుకుని తింది. అంత ఆలోచించాల్సిన ప్రశ్న కాదు. ఓరిన్‌కి ఆ సంగతి తెలుసు, ఆవిడకీ తెలుసు.

"నువ్వేం చేస్తావక్కడ?"

"బాతుల్లా అరుస్తాను."

శనివారం ఒడ్డునే నడిచి వెళ్ళి, మూడో వంపు దగ్గర జమ్ములో ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు ఓరిన్. పది గజాల అవతల ఎండుగడ్డి ముద్దలో లవోన్, గ్రేవీ. ఓరిన్ జేబులోంచి, బాతుల్ని పిలవడానికి వాళ్ళ తాత చేసిన చెక్క పీక తీసి నోట్లో పెట్టుకున్నాడు. ముందు గట్టిగా పిలిచాడు. తరవాత బతిమాలాడు. ఆ తరవాత కడుపునిండా తిని తృప్తిగా గొణుక్కునే ఆడబాతులా గొణిగాడు. ఎక్కడో చుక్కల్లా పోతున్న గుంపు ఆగినట్టయింది, ఒరిగింది, వెనక్కి తిరిగింది.

గడ్డిముద్దలోంచి లవోన్ గుసగుస వినిపించింది. "ఓరిన్! అది నువ్వేనా? నిజం బాతనుకున్నాను!"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ అతన్ని ఇంతగా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. ఓరిన్ ఛాతీ ఉబ్బింది. జవాబు చెప్పబోయాడు.

"మాట్లాడకు," అంది లవోన్. "బాతులా అరువు."

ఓరిన్ అరిచాడు.