చైర్మన్ గారి కృషితో

సాఫ్ట్‌వేర్‌ను ప్రజల చేతుల్లో పెడుతున్నట్టు చైర్మన్ మొండయ్య గారు సిరిసిల్లలో ప్రకటించారు. మరమగ్గాల కార్మికుల సభలో, కరెంటు పోయి మైకు ఆగిపోతే, ఉత్త గొంతుతోనే ప్రకటించారు. ఇకమీదట ప్రజలు ఏ ఫీచర్ అడిగితే ఆ ఫీచర్ వచ్చి తీరుతుందన్నారు. ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని ఒక విలేకరి అడిగితే ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"మా ఇంటి దర్వాజ లెక్క. ఎప్పుడు చూసినా తెరిచే ఉంటది," అన్నారు.

మర్నాడు పేపర్లో ఈ మాట చదివి కోరుట్లలో నాహీద్ చాలా సంతోషించింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసుకునేది ఆమే. అది ప్రజల చేతుల్లో ముందు నుంచే ఉందన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా అంత పెద్దమనిషి చెప్పాక ఆ చేతులకే ఒక గౌరవం వచ్చినట్టనిపించింది.

దాని పేరు చాటింపు. ఏయే దేశాల వాళ్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, ఎలాగైనా మార్చుకోండి అని ఉచితంగా వదిలిన మెయిలింగ్ లిస్ట్ సాఫ్ట్‌వేర్‌ను నాహీద్ తెచ్చి తెలుగు నేర్పింది. ఒక చిరునామాకు ఒక్క ఉత్తరం రాస్తే, చేరినవాళ్లందరి ఫోన్లకూ పోతుంది. డప్పు పట్టుకుని వాడవాడా తిరిగే పనిని అది కూర్చున్నచోటే చేస్తుంది. కోరుట్లలో నల్లా నీళ్లు ఎప్పుడు వదిలారో, సిరిసిల్లలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎల్లంతకుంటలో ఎవరి బర్రె తప్పిపోయిందో జనానికి దీంట్లోనే తెలిసేది.

కొత్త ఫీచర్లకు నాహీద్ ఒక పద్ధతి పెట్టింది. కావలసినవాళ్లు అడగాలి, మిగతావాళ్లు ఓటెయ్యాలి, ఎక్కువ ఓట్లు వచ్చిన ఫీచర్‌ను ముందు చేయాలి. అందరికంటే ముందు అడిగింది ఆమె అమ్మమ్మ లతీఫున్నీసా. ఆమె బీడీలు చుడుతుంది. చదువు రాదు. ఫోన్ టింగుమంటుంది గానీ, వచ్చింది నల్లా కబురో బర్రె కబురో తెలియదు. చదువు వచ్చినవాళ్లు ఎవరైనా గల్లీలో కనబడేదాకా ఆగాలి. వాళ్లు కనబడేసరికి నల్లా బందయ్యేది.

"అచ్చిన ఉత్తరం గదే సదివి ఇనిపియ్యాలె బేటీ," అంది లతీఫున్నీసా. "ఫోన్‌కు నోరున్నది గద."

నోరుంది. ఆ ఫీచర్ రాసే పని కూడా సగమైంది. ఓట్లే పడలేదు. చదువు రానివాళ్లు చదివి ఓటెలా వేస్తారన్నది పద్ధతి పెట్టేటప్పుడు నాహీద్‌కు తట్టలేదు. తట్టాక, సొంత అమ్మమ్మ కోసం వరస తప్పితే అదేం పద్ధతి అని ఊరుకుంది. అమ్మమ్మ మాత్రం ఊరుకోలేదు, రోజూ అడుగుతూనే ఉంది.

మొండయ్య గారు ప్రజా సమాచార సలహా మండలికి చైర్మన్. జగిత్యాలలోని తమ ఆఫీసులో చాటింపు కంప్యూటర్‌కు ఒక గది ఇచ్చిన దాత. ప్రకటన వెలువడగానే ప్రజలు నిజంగానే అడగడం మొదలుపెట్టారు. ప్రతి ఉత్తరం పైన చైర్మన్ గారి ఫోటో ఉండాలన్న కోరిక కొడిమ్యాల నుంచి వచ్చింది. అదే కోరిక, అవే మాటల్లో, బీర్పూర్ నుంచీ వచ్చింది. ప్రజలు ఇంత ఒక్కమాట మీద ఉండటం నాహీద్ ఎన్నడూ చూడలేదు. ఓట్లు కుప్పలుగా పడ్డాయి. చైర్మన్ గారి పీఏ రాజేందర్ ఫోన్ చేసి, జనం మనసు ఇంత తొందరగా బయటపడుతుందని తాను కూడా అనుకోలేదని ఆశ్చర్యపోయాడు. నాహీద్ ఫోటో పెట్టింది.

పనులు జరుగుతున్నాయి గానీ ఎవరివల్ల జరుగుతున్నాయో తెలియడం లేదన్నది ప్రజల రెండో బాధ. ప్రతి ఉత్తరమూ 'చైర్మన్ గారి కృషితో' అని మొదలవ్వాలన్నారు. ఓట్లు పడ్డాయి, పద్ధతి పద్ధతే. మర్నాటి నుంచి చైర్మన్ గారి కృషితో నల్లా వచ్చింది, చైర్మన్ గారి కృషితో కరెంటు పోయింది, చైర్మన్ గారి కృషితో బీర్పూర్ మొగిలవ్వ కాలం చేసింది.

మొగిలవ్వ కొడుకు ఆ ఉత్తరం పట్టుకుని జగిత్యాల ఆఫీసుకు వచ్చాడు. ఆ వేళకు అక్కడే ఉన్న నాహీద్ లేచి అతనికి కుర్చీ వేసింది. చైర్మన్ గారు మాత్రం కళ్లు మూసుకుని నిదానంగా విన్నారు.

"అంబులెన్స్ తెప్పిచ్చింది మనమే గద," అన్నారు. "ఉన్నమాటే రాసిండ్లు."

కొడుకు కాసేపు ఆలోచించి, దినాలకు తప్పక రమ్మని పిలిచి వెళ్లాడు.

అలాంటి నాయకుడికి ఉత్తరాలు చదివి వినిపించే భాగ్యం రాజేందర్‌ది. మొదటి మూడు మాటలు చెవిన పడగానే చైర్మన్ గారు తృప్తిగా తల ఊపేవారు. ఆ పైన వినవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలగలేదు.

ఇంత కృషి ఆయన చేతిమీదుగా కాకుండా బయటికి పోవడం బాగుండదని ఆ తర్వాత ప్రజలకే అనిపించింది. కొడిమ్యాలకూ బీర్పూర్‌కూ ఒకేసారి అనిపించింది. ప్రతి ఉత్తరాన్నీ చైర్మన్ గారు ఆమోదించాకే పంపాలన్నారు. నాహీద్ అదీ చేసింది. కోరుట్లలో నల్లా వదిలే యోహాను వాల్వు తిప్పగానే ఎప్పటిలాగే ఉత్తరం రాశాడు. చైర్మన్ గారు అప్పుడు సిరిసిల్లలో సన్మానంలో ఉన్నారు. సన్మానాలు వరసగా ఉండటంతో ఉత్తరాలు ఆగి కూర్చున్నాయి. నీళ్లు మాత్రం ఎవరి ఆమోదమూ లేకుండానే వచ్చి, ఎవరికీ తెలియకుండానే పోయాయి.

పాత బజారు వెనక గల్లీలో లతీఫున్నీసా ఇంట్లో డ్రమ్ము అడుగంటింది. బీడీ ఆకు తడపడానికి ఆమె పక్కింటికి పోయి చెంబెడు నీళ్లు అడుక్కొచ్చింది. ఒకరి గడప తొక్కి అడగని మనిషి అలా చెంబు పట్టుకుని రావడం నాహీద్ చూసింది. ఆ పూటే బస్సెక్కి జగిత్యాల పోయి, నీళ్ల ఉత్తరాలనైనా ఆమోదం లేకుండా వదలమని రాజేందర్‌ను అడిగింది.

"నీళ్లకు ఇడిసిపెడితే రేపు కరెంటోళ్లు అడుగుతరు మేడం," అన్నాడు రాజేందర్. "ఇగ సార్ కృషికి ఏం మిగులుతది?"

అదే రోజు మరో రెండు కోరికలు ఆమె చేతికిచ్చాడు. చైర్మన్ గారికి కేబినెట్ హోదా వస్తుందని గట్టిగా అనుకుంటున్నారు. ఆ ఉత్తర్వు రాగానే క్షణం ఆలస్యం లేకుండా జనానికి తెలియాలి కాబట్టి, హైదరాబాద్ ఉత్తర్వులు నేరుగా చాటింపుకే వచ్చేలా కలపాలన్నది మొదటిది. చదువు రానివాళ్లకు సార్ కృషి అందడం లేదు కాబట్టి ఉత్తరాలను ఫోనే చదివి వినిపించాలన్నది రెండోది. ఆ రెండో కోరిక విని నాహీద్ నవ్వాపుకోలేకపోయింది. అమ్మమ్మ కోరికకు ఒక్కరోజులో ఓట్లు వరదలా వచ్చాయి. నాహీద్ రెండు కోరికలూ తీర్చింది.

చదివే ఫీచర్‌ను కోరుట్లలో ఫంక్షన్ హాలు మాట్లాడి ఆవిష్కరించాలని నిశ్చయమైంది. స్టేజీ మీద ఆగిన ఉత్తరాలను ఒక్కొక్కటే ఆమోదిస్తే బాగుండదని నాహీద్ చెప్పింది.

"అన్నీ ఆమోదించు అని ఒకటే బటన్ పెడత సార్. మీరొక్కసారి ఒత్తితే హాలంత మాట్లాడుతది."

చైర్మన్ గారికి ఈ మాట ఎంతో నచ్చింది. ఆగినవాటిలో ఏమున్నాయో నాహీద్‌కు తెలియదు, ఒకరి ఉత్తరాలు తెరిచే అలవాటు ఆమెకు లేదు. నీళ్ల కబుర్లు ఆగకుండా బయటపడితే చాలనుకుంది.

ఆ రోజు హాలు నిండింది. గల్లీ ఆడవాళ్లంతా ఫోన్లు సౌండు పెంచి చేతుల్లో పట్టుకుని కూర్చున్నారు. లతీఫున్నీసా ముందు వరసలో, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. స్టేజీ మీద చైర్మన్ గారి కుర్చీకి తెల్ల తువ్వాల కప్పి ఉంది. ఆయన ఏ సభకు పోయినా రాజేందర్ ఆ తువ్వాలను జగిత్యాల నుంచి తెచ్చి స్వయంగా పరిచేవాడు. చైర్మన్ గారు లేచి నిలబడి బటన్ ఒత్తారు.

హాల్లోని ఫోన్లన్నీ ఒక్క గొంతుతో నోరు విప్పాయి.

"చైర్మన్ గారి కృషితో, మొన్న నల్లా వదిలి బంద్ చేయడమైనది."

చప్పట్లు. చైర్మన్ గారు తల ఊపారు.

"చైర్మన్ గారి కృషితో, వాగు మీది కల్వర్టు కూలిపోయినది."

మళ్లీ చప్పట్లు.

"చైర్మన్ గారి కృషితో, ఎల్లంతకుంటలో బర్రె తప్పిపోయినది. దొరికినవారు తెలుపగలరు."

జనం చేతులకు చప్పట్లు అలవాటైపోయాయి.

"చైర్మన్ గారి కృషితో, సలహా మండలి చైర్మన్ శ్రీ మొండయ్య గారిని తక్షణమే పదవి నుంచి తొలగించడమైనది."

చప్పట్లు ఇంకాస్త గట్టిగా మోగాయి. చైర్మన్ గారు మొదటి మూడు మాటలకే తల ఊపి, చెయ్యి ఎత్తి అందరికీ అభివాదం చేశారు. ఉత్తరాలను చివరిదాకా వినే అలవాటు ఆ స్టేజీ మీద రాజేందర్ ఒక్కడికే ఉంది. అతడు కుర్చీ వెనక్కి వచ్చి, తువ్వాలను తీసి, దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత పక్క మెట్ల మీదుగా దిగి, ఎవరికో ఫోన్ చేసి శుభాకాంక్షలు చెబుతూ బయటికి నడిచాడు.

"ఇంకేమన్న ఉన్నయా?" అని చైర్మన్ గారు ఉత్సాహంగా వెనక్కి అడిగారు. తానే మళ్లీ బటన్ ఒత్తితే, ఈలోపు యోహాను పంపి ఆగిన ఉత్తరం పలికింది.

"చైర్మన్ గారి కృషితో, పాత బజారు వెనక గల్లీకి ఇప్పుడే నల్లా వదలడమైనది."

అందరికంటే ముందు లతీఫున్నీసా లేచింది. ఆమె వెనక వరస లేచింది. ఆ వెనక హాలు హాలంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. స్టేజీ పక్కన నిలబడ్డ నాహీద్ వచ్చి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. చదివి చెప్పేవాళ్ల కోసం ఎదురుచూడకుండా ఆ ముసలామె నల్లాకు పరుగెత్తడం అదే మొదటిసారి. నాహీద్‌కు కళ్లు చెమర్చాయి.

చైర్మన్ గారికీ చెమర్చాయి. ఎన్నో సభలు చూశారు గానీ, జనం ఇలా లేచి నిలబడటం ఎన్నడూ చూడలేదు. తలుపుల వైపు ఉరుకుతున్న ఆ జనానికి రెండు చేతులూ జోడించి మొక్కారు.

"గీ అభిమానం సాలు నాకు," అన్నారు గద్గదంగా. కళ్లు తుడుచుకుందామని తువ్వాల కోసం కుర్చీ వైపు చెయ్యి చాచారు.