ఆరడుగుల పర్మిట్

విదేశీ విద్యార్థుల చరిత్రలో ఇకపై రెండే యుగాలుంటాయని మంత్రిగారు రేడియోలో ప్రకటించారు. ఒకటి మొన్నటిదాకా గడిచిన చీకటి యుగం. రెండోది సోమవారం ఉదయం పది గంటలకు మొదలవుతుంది. ఆ వారానికి 'విదేశీ విద్యార్థి సంతోష వారోత్సవం' అని పేరు పెట్టారు. ఆ వారమంతా రాజధాని లుసాకాలో ఒక్క పర్మిట్ దరఖాస్తు కూడా పెండింగులో ఉండదని మాటిచ్చారు. మంత్రిగారు మాట తప్పే మనిషి కారు. నిజంగానే ఒక్కటి కూడా లేదు.

అదెలా సాధించారో అందరికన్నా ముందు తెలుసుకున్న అదృష్టవంతుడు లింబానీ గొండ్వే. మలావీ నుంచి వచ్చి ఎక్స్‌రేలు తీసే కోర్సు ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. పద్దెనిమిదో తారీఖు సోమవారం ఆఖరి పరీక్ష. విదేశీ విద్యార్థి పర్మిట్‌ను టేబుల్ మీద పెట్టుకుంటేనే పరీక్ష రాయనివ్వాలని కాలేజీ రూలు. ఆ పరీక్ష పోతే మళ్లీ మొదటి సంవత్సరంలో చేరాలి. అతని పాత పర్మిట్ మార్చిలోనే కాలం చేసింది.

కొత్తదాని కోసం అతను పర్మిట్ ఆఫీసు మెట్లెక్కడం ఇది పదకొండోసారి. దరఖాస్తుతో పాటు పోలీసుల సర్టిఫికెట్, కాలేజీ ఉత్తరం, ఛాతీ ఎక్స్‌రే జతచేయాలి. సర్టిఫికెట్ వచ్చేసరికి ఎక్స్‌రే పాతబడుతుంది. ఎక్స్‌రే కొత్తది తెస్తే ఉత్తరం గడువు దాటుతుంది. ఎక్స్‌రేలు తీయడం నేర్చుకుందామని వచ్చినవాడు కదా, ప్రాక్టీసుకి లోటు రాలేదు. లింబానీ ముఖం గుర్తుపట్టని గుమాస్తాలు కూడా అతని ఊపిరితిత్తులను చూడగానే గుర్తుపట్టేవారు.

సంతోష వారోత్సవం మొదటిరోజున మాత్రం మూడు కాగితాలూ ఒకేసారి బతికి ఉన్నాయి. కౌంటర్లో గుమాస్తా వాటిని తిప్పిచూసి, మెచ్చుకుని, వెనక్కిచ్చేశాడు. 'అందినది' అనే ముద్ర పడితేనే అది దరఖాస్తు అవుతుందనీ, పడేదాకా అది లింబానీ సొంత కాగితమనీ, సొంత కాగితం పెండింగులో ఉండటం సాధ్యం కాదనీ ఓపికగా వివరించాడు. మరి ముద్ర ఎక్కడుందంటే, వారోత్సవం ముగిసేదాకా ఇనప్పెట్టెలో ఉందన్నాడు.

గేటు బయట ఒడాస్ ఉడకబెట్టిన గుడ్లమ్ముతాడు. బురుండీ మనిషి. ఒకప్పుడు ఫార్మసీ చదవడానికి వచ్చాడట. లోపల ఎవరికి ఏ మూడ్ ఉందో, ఏ అధికారి ఏ పూట దొరుకుతాడో గేటు బయటి నుంచే చెప్పేస్తాడు కానీ, గేటు దాటి లోపలికి మాత్రం పోడు.

"అన్నా, ఇంతకీ నీ పర్మిట్ వచ్చిందా?" అని అడిగాడు లింబానీ.

"రాకేం తమ్ముడూ. బ్యాండు మేళంతో వచ్చింది. ఉప్పు చాలా?"

ఒడాస్ మాటలు ఎప్పుడూ అలాగే ఉంటాయని లింబానీ గుడ్డు తినేసి వెళ్లిపోయాడు.

గురువారం అతనికి కబురొచ్చింది. విభాగాధిపతి నమ్‌వింగా గారు స్వయంగా పిలిచి కుర్చీ వేయించారు. ఆ ఆఫీసులో లింబానీ కూర్చోవడం అదే మొదటిసారి. శుక్రవారం సభలో మంత్రిగారు ఒక విద్యార్థికి పర్మిట్ ప్రదానం చేస్తారనీ, ఆ విద్యార్థి అతనేననీ చెప్పారు. లింబానీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. నమ్‌వింగా గారు మాత్రం అతన్ని పైనుంచి కిందిదాకా చూసి దిగాలుపడ్డారు.

"నీ మాట మా మాటలాగే ఉంది. నీ తిండి మా తిండే. రంగూ రూపూ అంతే. నిన్ను చూసి విదేశీయుడంటే ఎవడు నమ్ముతాడయ్యా?"

అలాంటప్పుడు నాకు పర్మిట్ ఎందుకు సార్ అనే మాట లింబానీ గొంతుదాకా వచ్చింది. కానీ అలాంటి ప్రశ్నలు వేసే ధైర్యం పర్మిట్ ఉన్నవాళ్లకే ఉంటుంది. అతను తల వంచుకుని తన తప్పు ఒప్పుకున్నాడు.

మర్నాటికి ఆ లోపాన్ని కూడా సర్దారు. ఊళ్లో ఉన్న ఒక నైజీరియా దర్జీ దగ్గర పెద్ద పెళ్లి అంగీ, కుట్టుపని చేసిన టోపీ అరువు తెచ్చారు. ఆ అంగీలో ఇద్దరు లింబానీలు పడతారు. వేదిక మీద స్థానిక భాషలో నోరు విప్పవద్దని గట్టిగా చెప్పారు.

బ్యాండు వాయించారు. పర్మిట్‌ను ఇద్దరు జవాన్లు మోసుకొచ్చారు. అది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న దళసరి అట్ట. విద్యార్థి ఫొటో ఉండాల్సిన చోట మంత్రిగారి ఫొటో ఉంది. పేరుండాల్సిన చోట లింబానీ పేరు రాసిన కాగితం అతికించి ఉంది. ఇతర దేశాలిచ్చే పర్మిట్లు జేబుల్లోంచి జారిపోతాయనీ, తమ ప్రభుత్వం మాత్రం పోగొట్టుకుందామన్నా పోని పర్మిట్ ఇస్తోందనీ మంత్రిగారు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. లింబానీ అట్ట వెనకాల ఉన్నాడు కాబట్టి అతను కొట్టాడో లేదో తెలియలేదు.

సభయ్యాక అతను అంగీ తిరిగిచ్చేసి, చిన్నది ఎప్పుడిస్తారని అడిగాడు. నమ్‌వింగా గారు రిజిస్టరు తెరిచి చూపించారు. లింబానీ గొండ్వే, పర్మిట్ జారీ అయినది, గౌరవ మంత్రిగారి స్వహస్తాలతో.

"ఒకే మనిషికి రెండు పర్మిట్లిస్తే నన్ను జైల్లో పెడతారు బాబూ. నాకన్నా ముందు నిన్ను పెడతారు."

మినీబస్సులో కండక్టరు అట్టకి కూడా టిక్కెట్టు కొట్టాడు. మంత్రిగారంతటి వాడు నిలబడి ప్రయాణం చేస్తాడా అని సీటు కూడా ఇప్పించాడు. దారిలో పోలీసులు బస్సు ఆపారు. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత స్పష్టమైన పర్మిట్ చూడలేదనీ, బస్సెక్కే పని లేకుండా రోడ్డు మీద నుంచే చదవగలిగాననీ ఒక హెడ్డు మెచ్చుకుని సెల్యూట్ చేశాడు. సెల్యూట్ ఫొటోకి.

సోమవారం పరీక్ష హాలు దగ్గర సియామే మేడమ్ కాపలా. రూల్ అంటే ప్రాణమిచ్చే మనిషి. అట్టను చూసి బెదరలేదు. పర్మిట్ టేబుల్ మీద ఉండాలని రూల్లో ఉంది గానీ ఎంత పొడవుండాలో లేదు. రెండు టేబుళ్లు కలిపి వేయించింది. లింబానీ అట్ట మీదే, మంత్రిగారి గడ్డం పక్కన, ప్రశ్నపత్రం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఎడమ ఊపిరితిత్తిలో నీడ కనిపిస్తే దాన్ని ఎలా వర్ణించాలన్నది మొదటి ప్రశ్న. తనకు బాగా తెలిసిన ఊపిరితిత్తే. చెయ్యి ఆగకుండా సాగింది.

నలభై నిమిషాలకి బయట సర్కారు పికప్ ఆగింది. నమ్‌వింగా గారు, వెంట డ్రైవరు. రేపు కబ్వే పట్నంలో సంతోష వారోత్సవం మొదలవుతోందనీ, అట్ట కావాలనీ గుసగుసగా చెప్పారు. పరీక్షకి భంగం కలగకూడదని బూట్లు కూడా విప్పి వచ్చారు.

"సార్, ఇది నాది కదా," అన్నాడు లింబానీ.

"పేరే నీది. అట్ట బోమాది, సర్కారు సొత్తు."

తీసుకున్నందుకు రసీదు కూడా రాసిచ్చారు. జేబులోంచి ముద్ర తీసి, నోటితో ఆవిరి ఊది, రసీదు మీద గట్టిగా కొట్టారు. 'అందినది'. లింబానీ ఆ ముద్రను కళ్లారా చూడటం అదే మొదటిసారి.

వరండాలో డ్రైవరు గోటితో జాగ్రత్తగా గీకి పేరు కాగితం ఊడదీశాడు. చినగకుండా వచ్చింది. మర్యాదగా తెచ్చి లింబానీ చేతికిచ్చాడు. కిటికీలోంచి అట్ట కనబడుతోంది. కాగితం ఊడిన చోట, పాత జిగురు మరకల మధ్య, మరో పేరు ఉంది: ఒడాస్ నిమ్‌బోనా, ఫార్మసీ, ఆఖరి సంవత్సరం.

సియామే మేడమ్ వచ్చి ఖాళీ టేబుళ్ల వైపు చూసింది. గడియారం చూసింది. ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాల టైముంది.

"టేబుల్ మీద ఏమీ లేదు నాన్నా," అని మెల్లిగా జవాబు పత్రం తీసుకుని, రెండు టేబుళ్లనూ విడదీయించింది.

లింబానీ ఎక్కడికి పోవాలో తెలియక అలవాటైన దారినే పర్మిట్ ఆఫీసు దాకా నడిచాడు. లోపలికి పోలేదు. గేటు బయట నిలబడ్డాడు. ఒడాస్ అతని చేతిలో కాగితం తీసుకుని, ముందువైపు చూడకుండానే వెనక్కి తిప్పి వేలితో తడిమాడు.

"ఈసారి జిగురు కాస్త మంచిది వాడారు," అని, గుడ్డు ఒలవడం మొదలుపెట్టాడు.