అంచు నుంచి అంచుకు

శనివారం పొద్దున మునీంద్ర వేసుకున్న ప్లాను చాలా చిన్నది. దజీజ్‌లో యజమానురాలి కారుకు ముందు టైర్లు రెండూ మార్పించాలి. లాండ్రీలో ఆవిడ అబాయా, అంటే ఒంటినిండా కప్పుకునే నల్లటి పైవస్త్రం, తీసుకోవాలి. అక్కణ్ణుంచి ఫహాహీల్ వెళ్ళి భార్య పుష్పలతను ఎక్కించుకుని, సాయంత్రం దాకా సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చోవాలి. అతను రిగ్గైలో ఒక ఇంటి డ్రైవరు, ఆమె ఫహాహీల్‌లో ఇంకో ఇంటి పనిమనిషి. కువైట్‌లోనే ఉన్నారన్న మాటే గానీ ఇద్దరికీ కలిసి సెలవు దొరికేది నెలకు ఒక్క శనివారం.

టైర్ల కొలత ముందే ఫోనులో చెప్పేశాడు. రాయచోటి దగ్గర వాళ్ళ నాయన ఎద్దులబండ్లు చేసే వడ్రంగి. కొయ్య చక్రాన్ని అంచు నుంచి అంచుకు కొలిచి, అంతే వెడల్పు ఇనుప పట్టా ఎక్కించేవాడు. షెడ్డులో పడి ఉన్న అదే కారు పాత రిమ్మును కొడుకూ అలాగే కొలిచాడు. ఏడున్నర అంగుళాలు వచ్చింది. బండికి నిండుదనం ఉండాలని ఎనిమిది అంగుళాల రిమ్ముకు పట్టే టైర్లు చెప్పాడు.

టైర్ల షాపులో లాల్ బాషా చక్రం విప్పి తల గోక్కున్నాడు. "అన్నా, నీది ఆరున్నర రిమ్ము. టైరు కూచునేది లోపల, ఈ రెండు అంచుల మధ్యన. నువ్వు అంచులు గూడా కలిపి కొలిచినావు. ఇది దీనికి లావైతాది."

"మా నాయన ఎన్ని బండ్లకు పట్టాలెక్కించినాడో తెల్సునా నీకు? ఎక్కించప్పా."

"ఎద్దులబండి తిరిగినట్ల ఇది తిరగదన్నా," అంటూనే బాషా ఎక్కించాడు. టైర్లు రిమ్ముకు రెండువైపులా పొట్ట బయటపెట్టుకుని కూర్చున్నాయి. మునీంద్ర కళ్ళకు అది కలిగినింటివాడి పొట్టలా కనిపించింది.

పక్కనే ఉన్న లాండ్రీలో అబాయా తీసుకుని వెనక సీటు పక్కన తగిలించాడు. ఫహాహీల్ దాకా రోడ్డు తిన్నగా ఉంది కాబట్టి ఏ చిక్కూ రాలేదు. సందు మొదట్లో బకాలా కొట్టు ముందు పుష్పలత టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంది. ఆ సందులోకి స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి చక్రం దగ్గర గరగరమంది. టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోంది. కారుకేమైనా అయితే ఉద్యోగం పోతుందని భయపడి స్టీరింగ్ తిన్నగా చేసేసరికి సందు దాటిపోయింది.

చెయ్యెత్తబోయిన పుష్పలత, వెనక సీట్లో నల్లటి అబాయా చూసి చెయ్యి దించేసింది. మామా, అంటే ఇంటి యజమానురాలు, బండిలో ఉండగా డ్రైవరును పలకరిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తనకేం సంబంధం లేనట్టు ముఖం తిప్పుకుంది. అద్దంలో అది చూసి మునీంద్ర ప్రాణం ఉసూరుమంది. ఆలస్యమైందని అలిగిందనుకున్నాడు. పెద్ద చుట్టు తిరిగి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ గరగర. ఈసారి ఆమె ఏకంగా బకాలా లోపలికి వెళ్ళిపోయింది. ఇక లాభం లేదని కారు రోడ్డు పక్కన ఆపి ఫోను చేశాడు.

"ఏం పుష్పా, అంత కోపమా?"

"మామాను యెనకాల కూచోబెట్టుకోని ఫోన్ జేస్తావా? ఇద్దరి పనీ పోతాది, పెట్టెయ్," ఆమె గుసగుసలాడింది.

"యా మామా?" అని వెనక్కి తిరిగి చూశాడు. హ్యాంగరుకు అబాయా మర్యాదగా వేలాడుతోంది. "ఓయమ్మా, అది ఉతికిన గుడ్డ. నువ్వే ఈడికి నడిచి రా, బండి తిరగడంల్యా."

"నెలకొకతూరి కలిసే పెండ్లానికి ఇదా మర్యాద?" అంటూనే ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది.

సముద్రం దగ్గర కారు పెట్టాలన్నా తిప్పాల్సిందే. మెల్లగా మళ్ళీ దజీజ్ చేరేసరికి సగం రోజు అయిపోయింది. సరైన టైర్లు వేరే గోదాము నుంచి రావాలన్నాడు బాషా.

"గిన్నెకు మూత జూసేటప్పుడు గూడా లోపలి కొలత జూస్తారే. మధ్యలో మీ నాయననెందుకు లాగితివి?" బాషా చెప్పిందంతా విని అంది పుష్పలత. నెలంతా ఎదురుచూసిన రోజును చేతులారా పాడుచేసుకున్నందుకు మునీంద్రకు ఏడుపొక్కటే తక్కువ.

షాపులో కుర్చీ కూడా లేదు. బాషా కారుకు విప్పిన ఒక లావు టైరును దొర్లించుకొచ్చి నీడలో పడుకోబెట్టాడు. "దీన్ని ఇంగెవురూ కొనర్లే అన్నా. కూసోండి."

ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. పుష్పలత డబ్బా మూత తీసి చిత్రాన్నం చేతికిచ్చింది.

"సముద్రం కాడైతే బెంచీకి ఆ కొసన నువ్వు, ఈ కొసన నేను," అంది నవ్వి, అతని భుజానికి ఆనుకుంటూ.

టైరు ఇంకాస్త చిన్నదైతే బాగుండునని మునీంద్రకు ఆ రోజు మొదటిసారి అనిపించింది.